‘ఇంకా రాలేదు’ అను: మొగుడంపల్లి ప్రణాళిక

మా ఉద్యమానికి ఇంకా పేరు కుదరలేదు. రెండు ఆదివారాలు అదే పంచాయితీ అయింది. పేరు సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు చెప్పాల్సింది రాసుకుందామని జిరాక్సు షాపు అరుగు మీద కూర్చుని రాస్తున్న కాగితం ఇది.

మాది సంగారెడ్డి జిల్లా మొగుడంపల్లి. జహీరాబాద్‌కు అవతల, కర్ణాటక సరిహద్దు పక్కన. 2016 అక్టోబర్‌లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు మండల కేంద్రమైంది. మాలో షాపు నడిపే అన్న ఒకరు, బడిపంతులు ఒకరు, పాలిటెక్నిక్ చదివి పని వెతుక్కుంటున్న పిల్లలు ఇద్దరు, మహిళా సంఘం లెక్కలు రాసే అక్క ఒకరు. పాత కంప్యూటర్లు విప్పి బిగించడం నా పని. చచ్చిపోయిందని తీర్పు పడ్డాక కూడా బతికే ఉన్న ఒక హార్డ్‌డిస్కు మమ్మల్నందర్నీ ఒకచోట కూర్చోబెట్టింది.

అక్క దగ్గర పాత డెస్క్‌టాప్ ఉంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10 గడువు ముగిసింది. విండోస్ 11 ఆ మిషన్ మీద ఎక్కదు, టీపీఎం 2.0 చిప్పు కావాలంటుంది. మన ఊళ్లలో ఇట్లాంటి మిషన్లు ఎన్నో. తూకానికి వేసే బదులు లినక్సు వేద్దామని మా పిల్లలు ముందుకొచ్చారు. ఉన్నదాన్ని ముట్టుకోకుండా, ఒక పాత ల్యాప్‌టాప్ డిస్కును యూఎస్‌బీ డబ్బాలో బిగించి, దాని మీద ఉబుంటు వేసి ఇచ్చారు. షాపులో బాగానే నడిచింది. ఇంటికి పోయినాక కూడా కొన్నాళ్లు నడిచింది. చలి మొదలైనాక వచ్చింది తంటా. పొద్దుగాల స్విచ్చి వేస్తే నల్లటి తెర, దాని మీద తెల్లటి ఇంగ్లిషు అక్షరాలు. ఫలానా డిస్కు లేదని ఒక వాక్యం, ఆ కింద బ్రాకెట్లలో ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ అనే మాట, పక్కన మిణుకుమిణుకుమంటూ ఒక గీత.

అక్క డిస్కు సంచిలో వేసుకుని పట్నంలో ఒక రిపేరు షాపుకు పోయింది. వాళ్లు తెర మీది వాక్యం చదివి, “డిస్కు పోయింది అక్కా, కొత్తది ఏస్కో” అన్నారు. కొత్త డిస్కు అమ్మారు, పాతది బల్ల కింద పడేశారు. అందులో సంఘం పొదుపు లెక్కలు ఏడాదివి ఉన్నాయి. ఆ షాపు పేరు ఇక్కడ రాయం. యంత్రం చెప్పిన మాటను వాళ్లు నమ్మారు, గంతే. నెల తర్వాత ఆ డిస్కు అడిగి తెచ్చుకుని నా ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే ప్రతి ఫైలూ ఉంది. ఒక్క సెక్టారు కూడా చెడలేదు.

మరి యంత్రం ‘లేదు’ అని ఎందుకన్నది? దీనికి జవాబు తెలిస్తే మా ప్రణాళికలో సగం తెలిసినట్టే.

యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చే కరెంటు 500 మిల్లీఆంపియర్లు. ల్యాప్‌టాప్ డిస్కు తిరుగుతున్నప్పుడు అది చాలు. ఆగి ఉన్న పళ్లేన్ని నిమిషానికి 5,400 చుట్ల వేగానికి ఎక్కించాలంటే ఆ కొన్ని సెకన్లూ ఒక ఆంపియర్ దాకా లాగుతుంది. ఎడ్లబండి నడుస్తున్నప్పుడు ఒక ఎద్దు లాగేస్తుంది గానీ, బురదలోంచి లేపడానికి రెండూ కావాలి. దానికి తోడు చలికి బేరింగులోని నూనె చిక్కబడుతుంది. చలికాలంలో రాష్ట్రంలోనే తక్కువ ఉష్ణోగ్రతల వార్త వస్తే మా పక్కనున్న కోహీర్ పేరు అందులో తరచూ ఉంటుంది. అందుకని మా చలి సంగతి పత్రికలు చదివేవాళ్లకు చెప్పక్కర్లేదు. డిస్కు లేవబోతుంది, కరెంటు చాలక కూలబడుతుంది, మళ్లీ లేవబోతుంది.

షాపులో అన్న ఇక్కడే అడ్డుకున్నాడు. “బయోస్ అదే డిస్కు మీదనుంచి కెర్నెల్ చదివింది కదా? చదివినోడికి కనిపించింది, లినక్సుకెందుకు కనిపించలేదు?” మంచి ప్రశ్న. నేను పదేళ్ల పాటు ఈ ప్రశ్న వేసుకోలేదు. మిషన్ ఆన్ కాగానే ముందుగా లేచే బయోస్ తన సొంత పద్ధతిలో డిస్కును చదివి, లినక్సుకు గుండెకాయ లాంటి కెర్నెల్‌నూ దాని వెంట ఒక చిన్న తాత్కాలిక సామాన్ల మూటనూ జ్ఞాపకంలోకి ఎక్కిస్తుంది. ఆ మూటే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్. కెర్నెల్ లేచినాక బయోస్ చేసినదేదీ లెక్కలోకి తీసుకోదు. యూఎస్‌బీ పోర్టులను తనే రీసెట్ చేసి, ఎవరెవరున్నారని మొదట్నుంచి పిలుస్తుంది. కొత్త తహసీల్దార్ వచ్చి పాత హాజరు పట్టీ చింపేసి మళ్లీ పేర్లు పిలిచినట్టు. ఆ రెండో పిలుపుకు మన డిస్కు పలకడానికి ఆలస్యమైంది. పైగా యూఎస్‌బీ డిస్కు పలికినాక కూడా లినక్సు కొంత ఆగి వాడడం మొదలుపెడుతుంది. ఒకప్పుడు ఆ విరామం 5 సెకన్లు, తర్వాత 1 సెకనుకు తగ్గించారు.

డెబియన్‌లో, ఉబుంటులో ఆ మూటలోని స్క్రిప్టు అసలు డిస్కు కోసం మామూలుగా 30 సెకన్లు చూస్తుంది. ముప్పై దాటితే చేతులెత్తేసి, ‘లేదు’ అని రాసి, మనల్ని ఆ మిణుకుమనే గీత ముందు కూర్చోబెడుతుంది. నిజానికి అదే తెర మీద ఒక సూచన కూడా ఉంటుంది, తగినంత సేపు ఆగానా లేదా చూడండి అని. అది ఇంగ్లిషులో, ‘లేదు’ అనే గద్దింపుకు సందులో నలిగిపోయి ఉంటుంది. దాన్నెవరు చదువుతారు?

అక్కకు ఆ పొద్దున తెలిసి ఉంటే ఖర్చు లేకుండా పోయే ఉపాయం ఒకటుంది. ఆ గీత దగ్గర ఎగ్జిట్ అనే నాలుగు ఇంగ్లిషు అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కడం. స్క్రిప్టు మళ్లీ ఒకసారి చూస్తుంది. ఆలోపు డిస్కు వచ్చి ఉంటే బండి కదులుతుంది. కొత్త డిస్కు కొన్న డబ్బుకు సమాధానం నాలుగు అక్షరాలు!

మా మొదటి మాట ఇది. యంత్రం తన ఓపిక అయిపోయిన సంగతిని డిస్కు చావుగా ప్రకటిస్తున్నది. ‘లేదు’ అనే మాటకూ ‘ఇంకా రాలేదు’ అనే మాటకూ మధ్య మన ఊళ్లలో బోలెడు సామాను చెత్తకు పోతున్నది, బోలెడు లెక్కలు, ఫొటోలు, ప్రశ్నపత్రాలు పోతున్నాయి. ఈ తప్పుడు మరణ ధ్రువీకరణను ఆపడానికి మేము కలిశాం.

తొందర ఎక్కడ మొదలైంది

లినక్సు మొదటి రోజుల్లో డిస్కుల్ని ఒకదాని తర్వాత ఒకటి పిలిచేవారు. ఒక్కటి ఆలస్యమైతే వెనకున్నవన్నీ ఆగేవి. నిదానం, కానీ వరుస తప్పదు. మొదటిది ఎప్పుడూ మొదటిదే. తర్వాత యూఎస్‌బీ వచ్చింది. ఎప్పుడు తగిలిస్తారో, ఎప్పుడు పీకేస్తారో తెలియని సామాను వచ్చింది. ఎవరు వస్తే వాళ్లకు అప్పటికప్పుడు పేరు పెట్టే యూడెవ్ అనే పనిముట్టును 2003లో గ్రెగ్ క్రో-హార్ట్‌మన్ తెచ్చాడు. 2008లో అర్జన్ వాన్ డి వెన్, ఆకే కాక్ అనే ఇద్దరు ఇంజినీర్లు అసుస్ ఈపీసీ అనే చిన్న ల్యాప్‌టాప్‌ను ఐదు సెకన్లలో బూట్ చేసి చూపించారు. అందరూ నోళ్లు తెరిచారు. మేమూ ఆ పనిని మెచ్చుకుంటాం. అక్కడినుంచి పందెం ఊపందుకుంది. డిస్కులన్నిటినీ ఒకేసారి పిలువు, ఎవరు ముందు పలికితే వాళ్లతో పని మొదలుపెట్టు.

ఐదు సెకన్ల ఆ మిషన్‌లో ఉన్నది తిరిగే పళ్లెం లేని ఎస్‌ఎస్‌డీ. మన ఊరి మిషన్‌లో ఉన్నది మూడు చేతులు మారిన పళ్లెం. పందెంగుర్రానికి గీసిన గీతను బరువు బండికి కూడా గీశారు.

ఇట్లా అన్నామని లినక్సు రాసినవాళ్లకు ఓపిక లేదని మేము అనడం లేదు. ఓపిక ఉంది, కాకపోతే అందరి దగ్గరా ఒక్కటే ఓపిక లేదు. మిషన్ లోపల నేరుగా బిగించే సాటా డిస్కులను చూసుకునే లిబ్‌ఏటీఏ భాగంలో, డిస్కు వెంటనే పలకకపోతే లింకు నిదానంగా ఉంది, దయచేసి ఓపిక పట్టండి అనే అర్థం వచ్చే సందేశం ఒకటి ఉంది. కంప్యూటర్ మనల్ని ‘దయచేసి’ అని అడిగిన చోట్లు ఎన్నో లేవు, నాకు ఈ సందేశమంటే ఇష్టం. ఆ మూలకోడ్‌లో గడువులు కూడా రాసి ఉన్నాయి: మొదట 10 సెకన్లు, మళ్లీ 10, ఆ తర్వాత 35, చివరి అవకాశంగా ఇంకో 5. పక్కనే కారణం. చాలా డిస్కులు పదిలోపే లేస్తాయట, పనిచేసే డిస్కుల్లో నూటికి తొంభైతొమ్మిదికి పైగా ఇరవైలోపు లేస్తాయట, వెనకబడినవాటి కోసం ఆ ముప్పై ఐదు. మా మాటలో చెప్పాలంటే, లేవలేనివాడి కోసం ఇంకాస్త కూర్చున్నారు. మంచి మనుషులు రాసిన కోడ్ అది.

ఇప్పుడు కూడండి. 10, 10, 35, 5 కలిపితే 60. కింద సాటా డిస్కును లేపుతున్నవాడు 60 సెకన్ల దాకా కష్టపడతాడు. పైన గుమ్మంలో నిలబడ్డవాడు 30కే ‘లేదు’ అని తలుపేస్తాడు. ఆ తర్వాతి మెట్టులో మిగతా పనులన్నిటినీ లేపే సిస్టమ్‌డీ ఉంటుంది, వాడి గడియారంలో నిమిషంన్నర. ముగ్గురికీ మూడు గడియారాలు, ఒకడి సంగతి ఇంకొకడికి తెలియదు. ఎవరి లెక్క వాళ్లకు సరైనదే. మధ్యలో పోయేది మనలాంటి వాళ్ల డిస్కు.

పేరు పిచ్చి

ఇంకో తగాదా పేర్లది. ముందు పలికినది ఎస్‌డీఏ, తర్వాతది ఎస్‌డీబీ, ఆ తర్వాతది ఎస్‌డీసీ. ఇవి పేర్లలా కనిపిస్తాయి గానీ పేర్లు కావు, రేషన్ షాపు ముందు వరుసలో నిలబడ్డ చోట్లు. నిన్న మూడో చోట ఉన్న మనిషి ఇవాళ ముందొస్తే మొదటి చోట ఉంటాడు. ఒకేసారి పిలవడం మొదలైనాక ఈ చోట్లు ఏ రోజుకారోజు మారొచ్చు. అయినా మన దగ్గర బూట్ వరుసలో, ఏ డిస్కు ఎక్కడ కూర్చోవాలో రాసే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలులో ఎస్‌డీబీ1 అని రాసి చేతులు దులుపుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ఒక బడిలో కంప్యూటర్ల గదిలో మేము చూసిందిదే. రెండు డిస్కులున్న మిషన్‌లో పిల్లల పని ఉన్న పెద్ద డిస్కు ఒక రోజు ఎస్‌డీబీ, మరుసటి రోజు ఎస్‌డీఏ. సోమవారం నడుస్తుంది, మంగళవారం అత్యవసర స్థితి అని రూట్ పాస్‌వర్డ్ అడుగుతుంది. పంతులుకు ఆ పాస్‌వర్డ్ ఎవరూ ఇవ్వలేదు. ఆ గదికి నెల రోజులు తాళం పడింది. పిల్లలు గాలి సోకిందన్నారు, నవ్వుకున్నాం గానీ మా దగ్గర అంతకంటే మంచి వివరణ ఆ రోజున లేదు.

లినక్సు ఫైల్‌సిస్టమ్‌కు పుట్టినప్పుడే ఒక గుర్తు పడుతుంది, యూయూఐడీ అంటారు. 128 బిట్లు, రాస్తే 32 అక్షరాలు, మధ్యలో నాలుగు గీతలు. అది డిస్కు మీదే రాసి ఉంటుంది కాబట్టి ఏ పోర్టుకు పెట్టినా, ఎన్నోవాడిగా పలికినా మారదు. బీఎల్‌కేఐడీ అనే ఆదేశం దాన్ని చూపిస్తుంది. చోటు రాయకు, మనిషిని రాయి. ఇందులో కొత్తదనమేం లేదు, పెద్ద లినక్సులన్నీ ఎప్పుడో అలవాటు చేసుకున్నాయి. చేత్తో రాసేవాళ్లే పాత అలవాటు వదల్లేదు. ఒక్క జాగ్రత్త చెప్పాలి. బడుల్లో ఒక డిస్కును మక్కికి మక్కి కాపీ కొట్టి ఇరవై మిషన్లకు వేస్తారు, అప్పుడు గుర్తు కూడా మక్కికి మక్కి వస్తుంది. అలాంటి రెండు డిస్కులు ఒకే మిషన్‌లో పడితే, ఒకే ఆధార్ నంబరుతో ఇద్దరు వచ్చినట్టే. కాపీ కొట్టినాక గుర్తు మార్చాలి.

మేము ఒప్పుకోనివి

తంటా వచ్చిన ప్రతిచోటా ముప్పై సెకన్ల నిద్ర పెట్టి మందు వేశామనుకోవడం మేము ఒప్పుకోం. నిద్ర వేరు, ఎదురుచూపు వేరు. బస్సు కోసం ఎదురుచూసేవాడు బస్సు రాగానే ఎక్కుతాడు. అరగంట పడుకుంటానన్నవాడు బస్సు పదో నిమిషంలో వచ్చినా లేవడు, నలభయ్యో నిమిషంలో వస్తే ఎక్కడు. కెర్నెల్‌లో రూట్‌డిలే అంటే నిద్ర, అన్ని సెకన్లూ పడుకుంటుంది. రూట్‌వెయిట్ అంటే ఎదురుచూపు, డిస్కు రాగానే లేస్తుంది. రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న బోర్డుల బూట్ వరుసలో రూట్‌వెయిట్ ముందే రాసి వస్తుంది, మెమరీ కార్డు ఆలస్యంగా పలుకుతుందని వాళ్లకు తెలుసు. తమాషా ఏమిటంటే డెబియన్, ఉబుంటుల తాత్కాలిక మూటలో రూట్‌డిలే అనే అదే మాటకు అర్థం వేరు. అక్కడది గడువు, డిస్కు ముందే వస్తే ముందే కదులుతుంది. ఒక ఊళ్లో ‘రేపు’ అంటే మర్నాడు, ఇంకో ఊళ్లో ‘రేపు’ అంటే ఎప్పుడో ఒకప్పుడు. కాబట్టి ఇంటర్నెట్‌లో ఎవరో చెప్పిన వరుస తెచ్చి అతికించే ముందు మన మిషన్‌లో ఏ లినక్సు ఉందో, మూటతో లేస్తున్నదో లేకుండా లేస్తున్నదో చూడాలి. అక్క మిషన్‌కు మేము రూట్‌డిలే 90 అని రాశాం. చలి రోజున నలభై దాకా పోతుంది, ఎండ రోజున పదిలోపే లేస్తుంది. డబ్బాకు విడిగా కరెంటు ఇచ్చే హబ్ కూడా కొనిపించాం. ఓపిక ఎంత పెంచినా కడుపుకు తక్కువైతే లేవదు కదా.

రెండోది, నోఫెయిల్ అనే మాటను పసుపులాగా అన్నిటి మీదా చల్లడం. దీని గురించి కాస్త ఎక్కువ రాయాలి, ఎందుకంటే మేమే చేసిన తప్పు ఇది. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఒక డిస్కు వరుసలో నోఫెయిల్ అని రాస్తే, అది రాకపోయినా మిషన్ ఆగకుండా లేస్తుంది. బడి గదికి అదే రాసి, సమస్య తీరిందని టీ తాగి వచ్చాం. రెండు వారాల తర్వాత పంతులు ఫోన్: పిల్లలు నిన్న చేసిన బొమ్మలు ఇవాళ లేవు, మొన్న పోయినవి ఇవాళ వచ్చినయ్. ఏమైందంటే, డిస్కు ఆలస్యమైన రోజున దాని చోటున ఖాళీ ఫోల్డరు ఉంటుంది. పిల్లలు తెలియక అందులో పని దాచుకున్నారు, అది చిన్న డిస్కు మీద పడింది. మర్నాడు పెద్ద డిస్కు సమయానికి వచ్చి అదే ఫోల్డరు మీద కూర్చుంది, కింద ఉన్నది కనపడకుండా పోయింది. ఒకే పేరుతో రెండు లెక్కల పుస్తకాలు! అదే అక్క సంఘం లెక్కలైతే? ఒక నెల కిస్తీలు ఒక పుస్తకంలో, ఇంకో నెల కిస్తీలు ఇంకో పుస్తకంలో. బ్యాంకు నుంచి మనిషి వచ్చిన రోజున ఏ పుస్తకం తెరుచుకుంటుందో దేవుడికే తెలియాలి.

అందుకని మా నియమం. సినిమాలు, పాటలు ఉన్న డిస్కుకు నోఫెయిల్ పెట్టుకోండి, ఎవరూ చావరు. లెక్కలు, రికార్డులు ఉన్న డిస్కుకు పెట్టొద్దు, గడువు పెంచండి. సిస్టమ్‌డీ ఆ డిస్కు వరుసలోనే దాని గడువు ఎంతో రాసుకోనిస్తుంది. తప్పనిసరిగా నోఫెయిల్ పెట్టాల్సి వస్తే, డిస్కు లేనప్పుడు ఆ ఖాళీ ఫోల్డరుకు చాటర్ ఆదేశంతో తాళం వేయండి. తాళం పడ్డ ఫోల్డరులో ఎవరూ ఏమీ రాయలేరు, డిస్కు వస్తే మాత్రం దాని మీద మామూలుగా కూర్చుంటుంది.

మూడోది ‘ఫార్మాట్ కొట్టేయ్’ అనే మంత్రం. దీని మీద చర్చ లేదు. అడగకుండా ఫార్మాట్ కొట్టినవాళ్లు మాతో ఉండలేరు.

మా నేల మీద మాకున్న ముందు మాట

ఎదురుచూడడం మాకు ఎవరో నేర్పాల్సిన విద్య కాదు. జహీరాబాద్ ప్రాంతంలో యాసంగిలో నీళ్లు కట్టకుండా, వానలేకుండా, మంచుకు పండే పంటలున్నాయి. సత్యం పంటలంటారు. 1983 నుంచి ఇక్కడ పనిచేస్తున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు జొన్న, కొర్ర, సామ విత్తనాలు ఇళ్లలో దాచి, మరుగున పడ్డ పంటల్ని మళ్లీ పొలాలకు తెచ్చారు. మొలక నాలుగు రోజులు ఆలస్యమైందని చేను దున్నేసేవాడిని వాళ్లేమంటారో అడిగి చూడండి. వినదగ్గ మాటలే గానీ ఇక్కడ రాయలేం.

అదే మహిళలు 2008 అక్టోబర్ 15న మాచునూరులో సంఘం రేడియో మొదలుపెట్టారు. అప్పటిదాకా రేడియో అంటే హైదరాబాద్ నుంచి వచ్చేది. స్టూడియో, మైకు, ట్రాన్స్‌మిటర్ ఊరి దళిత మహిళల చేతికి వచ్చినాక మా యాసలో మా పంటల ముచ్చట వినిపించింది. యంత్రం వాళ్లది కాబట్టి అది పాడైతే ఏమైందో తెలుసుకునే బాధ్యతా వాళ్లదే. మేము కంప్యూటర్ విషయంలో అడుగుతున్నది అంతకంటే ఎక్కువ కాదు.

లినక్సును తెలుగులోకి తేవడానికి హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ వాళ్లు ఏళ్లుగా కష్టపడ్డారు. మెనూలు తెలుగులో వచ్చాయి, బాగుంది. అయితే మెనూ కనపడాలంటే ముందు మిషన్ లేవాలి. మిషన్ లేవనప్పుడు వచ్చే నల్లతెర భాష ఇంకా ఇంగ్లిషే. దానికి సాంకేతిక కారణం కూడా ఉంది. లినక్సు నల్లతెరకు అక్షర రూపాలు 512కి మించి పట్టవు, ఒత్తులు గుణింతాలు కూర్చే తెలివీ దానికి లేదు. మన ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరం దగ్గరే అది కూలబడుతుంది. బూట్ సమయంలో వచ్చే ప్లిమత్ అనే బొమ్మల తెర మీద మాత్రం తెలుగు రాయించవచ్చు. మా పిల్లలిద్దరూ ఆ పని మొదలుపెట్టారు. వాళ్లు రాయబోయే మొదటి వాక్యం: డిస్కు ఇంకా రాలేదు, చూస్తున్నాను, ఇన్ని సెకన్లయింది. తెలుగుతో పాటు కన్నడ, ఉర్దూ కూడా చేయాలని అక్క పట్టు. మా మండలంలో ఒకే ఇంట్లో మూడూ వినపడతాయి కదా. లంబాడీ మాటలు ఎవరు రాస్తారని ఇంకో ప్రశ్న లేచింది, తండా నుంచి ఒకరు వస్తేనే తేలుతుంది.

అప్పటిదాకా కాగితమే గతి. మేము లినక్సు వేసిన ప్రతి సీపీయూ పక్కకు ఒక తెల్లకాగితం అంటిస్తున్నాం. దాని మీద పెద్దక్షరాల్లో, తెర నల్లగా వచ్చి ఆగిపోతే ఏం చేయాలో ఉంటుంది. ఒక నిమిషం ఆగు. ఎగ్జిట్ కొట్టు. రాకపోతే స్విచ్చి తీయకుండా రీస్టార్ట్ చేయి. రీస్టార్ట్‌తో లేస్తే డిస్కు బతికే ఉంది, లేవడానికే ఆలస్యమవుతున్నదని అర్థం. ఈ చివరి ముక్క చాలా ముఖ్యం. చల్లగా ఉన్నప్పుడు విఫలమై, వెంటనే రెండోసారికి లేచిందంటే కారణం దాదాపు ఎప్పుడూ సమయమే, ఎందుకంటే రెండోసారికి పళ్లెం అప్పటికే తిరుగుతూ ఉంటుంది. ‘రెండోసారి ఆన్ చేస్తే పట్టుకుంటది’ అని జనం చెప్పే మాటను మెకానిక్కులు నవ్వి కొట్టిపారేస్తారు. ఆ మాట రోగనిర్ధారణ, రాసుకోండి.

నిజంగా చచ్చిన డిస్కులు లేవా? ఉన్నాయి. టక్ టక్ అని కొట్టుకునే డిస్కును పదిసార్లు ఆన్ చేసి ఓపిక పరీక్షించేవాడు మా మనిషి కాదు. ఆ చప్పుడు వినపడితే వెంటనే ఆపాలి. డిస్కు తన ఆరోగ్యం తనే చెప్పే స్మార్ట్ పరీక్షలో మార్చిన సెక్టార్ల సంఖ్య రోజురోజుకూ పెరుగుతుంటే ముందు కాపీ తీయాలి, తర్వాతే మిగతా మాటలు. అన్ని డిస్కులూ బతికే ఉన్నాయని మేము చెప్పం. ఏ డిస్కూ విచారణ లేకుండా చావకూడదనే చెబుతున్నాం.

మాలో తెగని తగాదా ఒకటుంది, దాచడం ఇష్టం లేదు. షాపు అన్న అంటాడు: “తొంభై సెకన్లు ఎవడాగుతాడు? గిరాకీ బయట నిలబడుంటాడు. కుర్రాళ్లకు ఫోన్ నొక్కంగనే రావాలె.” ఆయన మాటలో నిజముంది. అందుకే అక్క మిషన్‌కు పెట్టిన ఓపికను ఆయన షాపు మిషన్‌కు పెట్టలేదు, అక్కడ పాతదైనా ఒక ఎస్‌ఎస్‌డీ వేశాం, ఏడెనిమిది సెకన్లలో లేస్తుంది. ప్రతి మిషన్‌కూ దాని వయసుకు తగ్గ ఓపిక. ఇదే మాకు కుదిరిన రాజీ. ఆయన ఇంకా ఒప్పుకోలేదు, అయినా కుర్చీలు ఆయన షాపువే.

ఇక పని

చందా లేదు. సభ్యత్వానికి ఒకే షరతు: ఒక మిషన్ విప్పినప్పుడు ఏం చూశావో నోటుపుస్తకంలో రాయాలి. ఏ డిస్కు, ఎన్ని సెకన్లకు పలికింది, పొద్దున్నా మధ్యాహ్నమా, కరెంటు పోయి వచ్చినాకనా, హబ్ ఉందా లేదా. సెకన్లు ఊహించి రాయొద్దు, కెర్నెల్ తన ప్రతి మాట ముందూ సమయం రాస్తుంది, డీమెసేజ్ ఆదేశం కొట్టి చూసి రాయండి. ఒక చలికాలం, ఒక ఎండాకాలం ఇట్లా రాస్తే మన ప్రాంతపు పాత డిస్కులకు ఎంత గడువు కావాలో మన దగ్గరే లెక్క ఉంటుంది. ఆ లెక్కతో డెబియన్‌కూ ఉబుంటుకూ రాస్తాం. ముప్పైని మార్చమని, కనీసం ‘లేదు’ అనే మాటను మార్చమని అడుగుతాం. వాళ్లు వినొచ్చు, వినకపోవచ్చు. మూలకోడ్ తెరిచే ఉంది, వినకపోతే మన మిషన్ల వరకు మనమే మార్చుకుంటాం.

బడుల్లో లినక్సు వేసే కాంట్రాక్టర్లను అడిగేది రెండే. డిస్కును యూయూఐడీతో రాయండి, పంతులుకు రూట్ పాస్‌వర్డ్ కవరులో పెట్టి ఇవ్వండి. రిపేరు షాపుల అన్నలను అడిగేది ఒక్కటే. పాత డిస్కు పోయిందని చెప్పే ముందు దాన్ని ఇంకో మిషన్‌కు, విడిగా కరెంటున్న డబ్బాలో తగిలించి ఒక నిమిషం చూడండి. ఆ నిమిషానికి కూలి తీసుకోండి, ఇస్తారు. పోయిన డిస్కునైనా సరే గిరాకీ చేతికే తిరిగివ్వండి.

ప్రతి ఆదివారం పొద్దున పది నుంచి జిరాక్సు షాపు అరుగు మీద ఉంటాం. మీ ఇంట్లో అటక మీదో, బీరువా అడుగునో చచ్చిపోయిందని పక్కన పెట్టిన డిస్కు ఉంటే పాత సామాన్లవాడికి వేయకండి. గుడ్డలో చుట్టి, కుదుపు తగలకుండా పట్టుకుని రండి. వచ్చేటప్పుడు దాని తీగ కూడా తేవడం మర్చిపోకండి.